నలుగురితో నారాయణ: నడిమి మెట్టు మీదివాళ్లే ఎందుకంత పద్ధతిగా ఉంటారు?

మీరు అడిగింది ఇదీ: డైరెక్టరు ఆనవాయితీలు పట్టించుకోడు, ప్రమోషన్ మీద ఆశ వదులుకున్న ఉద్యోగీ పట్టించుకోడు, నడుమ ఉన్న మేనేజర్లే ప్రతి ఫార్మాటూ తు.చ. తప్పకుండా పాటిస్తారు. ఇది పిరికితనమా? వీళ్లతో ఏదైనా మార్పించడం ఎలా?

పిరికితనం అనుకుంటే మందు తప్పుతుంది. అదే మేనేజరుని రెండు మెట్లు పైకెక్కించండి, స్లైడ్లు లేకుండానే గంట మాట్లాడతాడు. పైవాడి స్థానం ఒక్క తప్పుకి కదలదు. అట్టడుగువాడిని ఎంత పద్ధతిగా ఉన్నా పైకి రానివ్వరు, కాబట్టి పోయేదేమీ లేదు. జారిపోయే భయం, ఎక్కే ఆశ రెండూ ఉన్నది నడిమివాడికే. ‘వీడు మనవాడేనా’ అన్న పరీక్ష అతనికి రోజూ జరుగుతూనే ఉంటుంది.

2001లో డామన్ ఫిలిప్స్, ఎజ్రా జుకర్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని రెండు రంగాల్లో చూపించారు. కంపెనీల పనులు చూసే సిలికాన్ వ్యాలీ లా ఫర్ములకు విడాకుల వంటి కుటుంబ కేసులు పట్టడం కాస్త నామోషీ. వాటికి ఎక్కువ దూరంగా ఉన్నవి మధ్యస్థాయి ఫర్ములే. షేర్ల విశ్లేషకుల్లోనూ అంతే. ఒక కంపెనీ షేర్లు ‘అమ్మేయండి’ అని రాస్తే ఆ కంపెనీకి గిట్టదు, ఆ మాట రాయడానికి ఎక్కువగా వెనకాడింది మధ్యస్థాయివాళ్లు.

2016లో రొడాల్ఫ్ డ్యురాండ్, పియర్-ఆంటొవాన్ క్రెంప్ అనే పరిశోధకులు 1879 నుంచి 1969 వరకు అమెరికా సింఫనీ ఆర్కెస్ట్రాల (పాశ్చాత్య సంగీతం వాయించే పెద్ద వాద్య బృందాల) కచేరీ జాబితాలు చూసి ఇంకో మెలిక తేల్చారు. ఒదిగి ఉండటం రెండు రకాలట. ఒకటి, తోటివాళ్లలా కనబడటం: మధ్యస్థాయి ఆర్కెస్ట్రాలు చేసింది ఇది. రెండోది, ఆ రంగంలో అందరూ ఘనంగా ఎంచేదాన్నే ఎంచుకోవడం: మధ్యస్థాయి సంగీత సారథులు చేసింది అది. నా దృష్టిలో ఆఫీసుకి బాగా పనికొచ్చేది ఈ తేడానే. పక్క టీమ్ రిపోర్టు చూసి అదే టెంప్లేట్ వాడటం మొదటి రకం. పన్నెండు స్లైడ్లు చాలినచోట, ఎవరైనా అడుగుతారేమోనని వెనక ఇంకో ఇరవై పెట్టుకోవడం, అవసరం లేని నలుగురిని సీసీలో చేర్చడం రెండో రకం: ఆఫీసు ఘనంగా ఎంచే ‘పక్కా పనితనం’ చూపించుకోవడం. మొదటిదానికి పక్క టీమ్‌ని కూడా కదపాలి. రెండోదానికి ‘నీకు పని తెలుసని మాకు తెలుసు’ అని పైవాడు నలుగురిలో అనాలి.

ఒక జాగ్రత్త. కొత్తగా చేరినవాడు అట్టడుగువాడు కాదు. ప్రొబేషన్‌లో ఉన్నవాడికి ఆశ నిండుగా ఉంటుంది, కాబట్టి అతనూ నడిమివాడిలాగే నడుస్తాడు. ఇక నిజంగా కింద ఉన్నవాడు తలూపినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. 1956లో డిటెస్, కెల్లీ అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగంలో గుంపు ఆదరణ బాగా తక్కువున్నవాళ్లు నలుగురి ముందు ఒప్పుకున్నారు, విడిగా అడిగితే ఒప్పుకోలేదు. అందుకే మీటింగులో చేతులెత్తించే ముందు అయిదు నిమిషాలు ఎవరి అభిప్రాయం వాళ్లు కాగితం మీద రాయాలి. ఆ తర్వాత చిన్నవాళ్లు ముందు మాట్లాడాలి, పెద్దాయన చివర. పెద్దాయన ముందు నోరు విప్పితే మిగతా గంటంతా ప్రతిధ్వనే.

ఇక మార్పు సంగతి. మీరు మార్చాలనుకునేది రాతలో ఉన్న నిబంధనా, వట్టి అలవాటా అని ముందు చూసుకోండి. ఆడిట్ కోసమో చట్టం కోసమో ఉన్నదైతే దాని దారి వేరు. అలవాటైతే నడిమి మేనేజరుని ‘మీరే మొదలుపెట్టండి’ అని మాత్రం అడగొద్దు, మొదటివాడు కావడమే అతని భయం. ఒకే స్థాయిలో ఉన్న ఇద్దరు మేనేజర్లతో ఒకే వారం మొదలుపెట్టించండి. పైవాడి అనుమతి రాతలో తీసుకోండి, రెండు వాక్యాల మెయిల్ చాలు. ‘ఫరవాలేదు, కానివ్వండి’ అని నోటితో అన్నది అప్రైజల్ నాటికి ఎవరికీ గుర్తుండదు. దానికి ‘ఆరు వారాల ప్రయోగం’ అని పేరు పెట్టండి, నచ్చకపోతే పాత పద్ధతికి ఎలా వెళ్లాలో అందులోనే రాయండి.

మీరే నడిమివాళ్లయితే ఒక్కసారికి ఒక్క ఆనవాయితీ మీదే చెయ్యి వేయండి, మిగతావి నిక్కచ్చిగా పాటించండి. మనస్తత్వవేత్త ఎడ్విన్ హోలాండర్ 1958లో చెప్పింది ఇదే: ముందు పద్ధతిగా ఉండి, పని చూపించి పరపతి కూడబెట్టుకున్నవాడికే తర్వాత తప్పి నడిచే చనువు దొరుకుతుంది. తప్పి నడిచేటప్పుడు కావాలనే చేస్తున్నట్టు తెలియాలి. ‘పాత ఫార్మాట్‌లో ఉన్న మూడు అంకెలూ ఇక్కడున్నాయి, పట్టికలు తీసేశాను’ అని పైనే రాయండి. ఆ వాక్యం లేకపోతే వీడికి పద్ధతే తెలియదనుకుంటారు. డైరెక్టరు మురికి బూట్లతో వస్తే ధీమా అంటారు, మీరొస్తే బద్ధకం అంటారు. అన్యాయమే, కానీ లెక్కలో వేసుకోక తప్పదు.

ఎక్కువగా చెడేది చివర్లో. పాతదీ కొత్తదీ పక్కపక్కన నడుపుదాం అంటారు, పాతది ఆపే తేదీ ఎవరూ వేయరు. నడిమివాడు రెండూ నింపుతాడు, ఎందుకంటే అతనికి అదే క్షేమం. పని రెట్టింపవుతుంది, తిట్టు కొత్త పద్ధతికి పడుతుంది. అందుకే జంటగా నడిపేది రెండుసార్లే, మూడోసారికి పాత టెంప్లేట్ ఫోల్డర్‌లోంచి తీసేయాలి. ఆ తీసేసే పని మేనేజరుకి వదలకండి, మెయిల్ రాసిన పైవాడే చెయ్యాలి.