రెండో భాగం రాస్తున్న మా అమ్మాయికి

కడప

చిరంజీవి అమ్మాయికి,

పెద్దనాయన ఆశీస్సులు. నువ్వు పంపిన నీ నవల రెండో భాగం టైపు ప్రతి మొత్తం చదివినా. మొదటి భాగం పట్టుకున్న రాత్రి అయిపోయేదాకా లైటు ఆర్పలేదు. దీన్ని మాత్రం మధ్యమధ్యలో పక్కన పెట్టి లేచిపోయినా. మొహమాటం లేకుండా చెప్పమని నువ్వే అడిగినావు కాబట్టి చెప్తున్నా: బాగాలేదు. ఇట్లే అచ్చుకు ఇవ్వొద్దు. అట్లని పారేయాల్సిందీ కాదు, బాగుచేసుకోవచ్చు.

మన వీధిలో తొమ్మిదో తరగతి చదివే పిల్లకు నీ మొదటి భాగమంటే ప్రాణం. ఆమెకూ ఇచ్చి చూసినా. తిరిగి ఇచ్చేటప్పుడు "ఇందులో ఏమీ జరగలేదు కదా తాతా" అనింది. జరగకపోవడమేంది? రెండు యుద్ధాలున్నాయి, మూడు కొత్త రాజ్యాలున్నాయి, ఎగిరే గుర్రాలు కూడా ఉన్నాయి. అయినా ఆ పిల్ల మాటే కరెక్టు. ఇంత గోల జరిగినా నీ కథానాయికకు ఏమీ కాలేదు. మొదటి పేజీలో ఎట్లా ఉందో చివరి పేజీలోనూ అట్లే ఉంది. పాఠకుల్ని బస్టాండులో కూర్చోబెట్టి మూడో భాగమనే బస్సు కోసం ఎదురుచూడమన్నట్టుంది.

మొదటి భాగంలో నీ బలం ఎక్కడుందో ఒకసారి చూడు. గండికోటలో రాళ్ళ మాట వినగలిగే పిల్ల. విన్న ప్రతిసారీ తనకు తెలిసిన ముఖం ఒకటి మరిచిపోతుంది. ఇంటికొచ్చి, గడపలో కూర్చున్న సొంత జేజిని "ఎవరు కావాల మీకు?" అని అడిగే చోట నేను చదవడం ఆపి కళ్ళద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది. రెండో భాగంలో ఆ పిల్ల ప్రతి అధ్యాయంలోనూ రాళ్ళతో మాట్లాడుతుంది. దారి అడగడానికి, శత్రువు జాడ తీయడానికి, ఒకచోట వాన వస్తుందా రాదా అని తెలుసుకోవడానికి కూడా! ఒక్క ముఖమూ పోలేదు. నువ్వు పెట్టిన షరతును నువ్వే ఎత్తేసినావు. ఊరికే పనిచేసే మాయలో ఇంక టెన్షన్ ఏముంటుంది? ఇట్లాంటివి పెద్దవాళ్ళు వదిలేస్తారేమో గానీ పిల్లలు వదలరు.

నన్నడిగితే నీ రెండో భాగం కథ ఇక్కడే ఉంది. ఆ మేకలు కాసే పిల్లోడు ఉన్నాడే, మొదటి నుంచీ ఆమె వెంట నడిచినవాడు, సగం పుస్తకంలో అతని ముఖం పోనీ. పక్కనే నడుస్తున్నవాణ్ణి ఎవరో కూలికి వచ్చిన దారి చూపేవాడనుకోనీ. వానికి సంగతి తెలుసు. చెబితే ఆమె ఇంక రాళ్ళ మాట వినడానికి భయపడుతుంది, కోట పోతుంది. అందుకని కొత్తవాడిలాగే నటిస్తాడు, కూలి డబ్బులు ఇస్తే తీసుకుంటాడు కూడా. ఇప్పుడు వాళ్ళిద్దరూ నీళ్ళ దగ్గర కొట్లాడుకున్నా చదివేవాళ్ళకు ప్రాణం విలవిల్లాడుతుంది. అతణ్ణి మళ్ళీ గుర్తుపడుతుందా లేదా అన్నదే ఈ భాగం ప్రశ్న. దానికి జవాబు ఈ భాగంలోనే దొరకాల. యుద్ధం ఎవరు గెలుస్తారన్నది మూడోదానికి అట్టిపెట్టుకో, ఎవరూ కాదనరు.

కొత్తగా తెచ్చిన ఆ యువరాజును పంపించెయ్. ముక్కోణపు ప్రేమ కోసమే వచ్చినాడని గుమ్మంలోనే తెలిసిపోతోంది.

మధ్య భాగం ఎట్లా రాయాలో మనవాళ్ళు ఎప్పుడో చూపించినారు. అరణ్యపర్వం చూడు. పన్నెండేళ్ళు అడవిలో తిరగడమే కదా, రాజ్యం పోయింది వెనక, యుద్ధం ఉంది ముందు. అయినా అది ఊరికే తిరుగుడు కాలేదు. అర్జునుడు పాశుపతం తెచ్చుకున్నాడు, ఊర్వశి శాపమూ తెచ్చుకున్నాడు. ఆ శాపమే విరాటుడి కొలువులో బృహన్నలగా అక్కరకొచ్చింది. యక్షుడి ప్రశ్నలకు జవాబులు చెప్పి ధర్మరాజు సంపాదించిన వరం అజ్ఞాతవాసాన్ని కాపాడింది. ఇంకో సంగతి. నన్నయ వదిలేసిన ఆ పర్వాన్ని ఎర్రన చేపట్టేసరికి, విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలూ తిక్కన రాసేసి ఉన్నాడు. అంటే నడుమ పూరించేవాడికి రెండు గట్లూ కనబడుతున్నాయి. నువ్వూ అట్లే చెయ్. మూడో భాగం అధ్యాయాల వరుస ముందు రాసిపెట్టుకుని, ఆ తర్వాత ఈ నడిమి భాగం ముట్టుకో. ఇప్పుడు నీకే మూడోదాంట్లో ఏముందో తెలియదని నాకు అనుమానం.

మొదటి నాలుగు అధ్యాయాలు జరిగిన కథకే పోయినాయి. చందమామ సీరియల్‌లో పోయిన నెల కథను మొదట్లో నాలుగు వరుసల్లో చెప్పి నేరుగా ప్రమాదంలోకి దించేవాళ్ళు. మేమెవరమూ దారి తప్పలేదు.

బెలుం గుహల భాగం నువ్వు ఫోటోలు చూసి రాసినట్టుంది. లోపల చల్లగా ఉందని రాసినావు. ఒకసారి పోయి రా. లోపలికి పోయేకొద్దీ ఉక్కపోత, చొక్కా వీపుకు అంటుకుపోతుంది. కొన్నిచోట్ల నడుం వంచి పోవాల. గుహలన్నీ కలిపి కొలిస్తే 3,229 మీటర్లు, మనల్ని తిరగనిచ్చేది అందులో సగం లోపే. నీవాళ్ళు మూడు రోజులు నడుస్తారు. నడవనీ, కల్పనకు అడ్డేముంది? కానీ చెమట పట్టకుండా, దీపానికి నూనె చాలదని దిగులు పడకుండా మూడు రోజులు ఎట్లా నడిచినారో నాకు అర్థం కాలేదు.

కలివికోడి విషయంలో మాత్రం నాకు కోపమే వచ్చింది. 1900 తర్వాత ఎవరికంటా పడక, ఇంక లేదనుకున్న పిట్ట అది. 1986లో మన సిద్ధవటం వైపు అడవిలో మళ్ళీ దొరికింది. రాత్రుళ్ళు తిరిగేది, పొదల మధ్య నేల మీద పరుగెత్తేది. మొదటి భాగంలో రెండేసార్లు, అదీ చీకట్లో కనబడింది కాబట్టే పిల్లలకు అంత ముద్దొచ్చింది. ఇప్పుడు పట్టపగలు వచ్చి భుజం మీద వాలి పేజీలకు పేజీలు ఉపదేశాలు చెబుతోంది. దాని నోరు మూయించు. ఈ భాగం మొత్తంలో ఒక్కసారి అడుగుజాడ కనిపిస్తే చాలు.

జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనకు తేవాలని పబ్లిషర్ తొందరపెడుతున్నాడని రాసినావు. గడువు అడుగు. ఆలస్యమైతే ఆ తొమ్మిదో తరగతి పిల్ల నన్ను రోజూ వచ్చి సతాయిస్తుంది, అంతే. ఇది ఇట్లే చదివితే మూడోది అడగనే అడగదు.

పెన్సిల్‌తో గీసిన ప్రతి మీ నాయనకిచ్చి పంపుతున్నా. గీతలు చాలా ఉన్నాయి, బెంగపడొద్దు. పదిహేడో అధ్యాయంలో, సంగటి ముద్ద విరిచి పెద్ద సగం ఆమెకిచ్చి, తన సగం చిన్నదైందని ఆ పిల్లోడు సణిగే పేజీ ఒకటుంది చూడు. దాన్ని ముట్టుకోవద్దు. మిగతావి మూడో భాగం వరుస రాసుకున్నాక ఫోన్లో మాట్లాడదాం.

మీ పెద్దనాయన