స్పేస్ క్యాంప్‌కి పంపితే పిల్ల వ్యోమగామి అవుతుందా? హంట్స్‌విల్ వెళ్ళొచ్చిన ఓ అమ్మ జవాబు

"మా అమ్మాయి ఎనిమిదో తరగతి. స్కూల్ వాళ్ళు అమెరికాలో నాసా స్పేస్ క్యాంప్‌కి తీసుకెళ్తామంటున్నారు, నాలుగు లక్షల పైమాటే. పంపితే ఆ రంగంలో భవిష్యత్తు ఉంటుందా? అసలు రోబోలుండగా మనుషులు అంతరిక్షానికి వెళ్ళడం ఇంకెన్నాళ్ళు?" అని కదా మీరు అడిగింది. డబ్బు సంగతి మీకే తెలియాలి. మిగతాది నేను చెప్తాను.

ముందు ఆ "నాసా" ముక్క తేల్చేద్దాం. అలబామాలోని హంట్స్‌విల్ స్పేస్ క్యాంప్‌ని నడిపేది నాసా కాదు. యూఎస్ స్పేస్ అండ్ రాకెట్ సెంటర్ అనే మ్యూజియం నడుపుతుంది. అది అలబామా రాష్ట్రానిది. ఆ ఊళ్ళోనే నాసా వాళ్ళ మార్షల్ స్పేస్ ఫ్లైట్ సెంటర్ ఉంది, చంద్రుడి దగ్గరికి మనుషుల్ని మోసుకెళ్ళిన సాటర్న్-5 రాకెట్ రూపుదిద్దుకుంది అక్కడి ఇంజనీర్ల చేతుల్లోనే. మార్షల్‌కి ఈ మ్యూజియం అధికారిక సందర్శక కేంద్రం. చుట్టరికం అంతవరకే. 1982 నుంచి క్యాంప్ నడుస్తోంది, ఫీజు కడితే ఏ దేశం పిల్లలనైనా చేర్చుకుంటారు. 2020లో కరోనా వచ్చి మూతపడే పరిస్థితి వస్తే పదిహేను లక్షల డాలర్లు కావాలని జనాన్ని విరాళాలడిగి నిలబెట్టుకున్నారు. అందుకే మన పేపర్లలో "నాసాకు ఎంపికైన విద్యార్థిని" అన్న హెడ్డింగ్ కనబడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఎంపికా లేదు, ఏమీ లేదు, వాళ్ళ నాన్న డబ్బు కట్టాడు. ఆ పిల్లనేం అనను, పాపం. ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టించే స్కూల్ కరస్పాండెంట్‌ని అనాలి.

మేం అట్లాంటా దగ్గర ఉంటాం. హంట్స్‌విల్‌కి కారులో నాలుగు గంటల లోపే. పిల్లలతో పాటు పెద్దవాళ్ళు కూడా పాల్గొనే ఫ్యామిలీ క్యాంప్ ఒకటుంది, వారాంతంలో పెడతారు. మావాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. మావారు ఆఫీసు పనుందని తప్పించుకున్నారు, నేను బయల్దేరాను. హాబిటాట్ అనే డార్మిటరీలో బంకు మంచాలు. పక్క మంచం మీద గురక పెట్టే ఆవిడ ఎవరో పొద్దున్న టీమ్‌లో చూసేదాకా నాకు తెలియలేదు.

మ్యూజియం బయట మిస్ బేకర్ అనే కోతి సమాధి ఉంది. 1959లో జూపిటర్ రాకెట్ ముక్కులో కూర్చుని అంతరిక్షానికి వెళ్ళి ప్రాణాలతో తిరిగొచ్చిన చిన్న కోతి. 1984 దాకా బతికింది. ఆ రాయి మీద వచ్చేపోయేవాళ్ళు అరటిపళ్ళు పెట్టిపోతారు. మేం వెళ్ళేసరికి రెండున్నాయి, ఒకటి బాగా నల్లబడిపోయింది. మావాడు తన టిఫిన్‌లో వచ్చిన పండు తెచ్చి పెట్టాడు. తిననని మొండికేసిన పండే అనుకోండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో మీరు చూసేది గుండ్రంగా తిప్పే ఆ మల్టీ-యాక్సిస్ ట్రైనర్ అనే యంత్రం. బావుంటుంది. అంతా కలిపి ఓ నిమిషం పని, ఫొటో తీయించుకోవడానికే. క్యాంప్ అసలు సరుకు మిషన్ సిమ్యులేషన్. టీమ్‌లో సగం మంది అంతరిక్ష కేంద్రం నమూనాలో, సగం మంది వాళ్ళని కింద నుంచి నడిపించే గది, అంటే మిషన్ కంట్రోల్‌లో. ఎవరేం చేయాలో నిమిషం నిమిషానికీ రాసిన లావుపాటి ఫైలు ఒక్కొక్కళ్ళ ముందూ ఉంటుంది. మధ్యలో ట్రైనర్లు కావాలనే ఏదో ఒక గండం తెచ్చిపెడతారు.

మావాడు కమాండర్ అవుతానని ఇంటి దగ్గర్నుంచీ కలవరించాడు. వచ్చిందేమో మిషన్ కంట్రోల్‌లో కుర్చీ. సూట్ నాకిచ్చారు! వాడి మొహం చూడలేకపోయాను. తెల్ల సూట్, హెల్మెట్ తగిలించి నన్నూ, టెన్నెసీ నుంచి మనవరాలితో వచ్చిన రిటైర్డ్ కార్ మెకానిక్‌నీ రిపేరు పనికి పంపారు. లోపల ఉక్కపోత. కాసేపటికి ఎర్ర లైటు, బీప్ బీప్. కేబిన్‌లో గాలి పీడనం తగ్గుతోందట. పెద్దాయన నలభై ఏళ్ళు బండ్లు విప్పినవాడు కదా, ఆగుతాడా? ఎదురుగా కనబడ్డ ప్యానెల్ మూత పట్టుకుని లాగబోయాడు.

అప్పుడు నా చెవిలో తెలుగు వినపడింది. "అమ్మా, ఆ తాతని ఏదీ ముట్టుకోవద్దని చెప్పు. నేనింకా రెండో స్టెప్పులోనే ఉన్నా."

ఆ మాట మిషన్ కంట్రోల్ అంతా విన్నారు. ట్రైనర్ అమ్మాయి నవ్వుతూ ఇంగ్లీషులో చెప్పమంది. గాజు అద్దంలోంచి చూస్తే వీడి హెడ్‌సెట్ చెవి మీద నిలవక బుగ్గ మీదికి జారిపోయింది, ఒక చేత్తో అది పట్టుకుని ఇంకో చేతి వేలు ఫైల్లో లైను వెంట కదుపుతున్నాడు. ఒక్కో లైనూ చదివాడు, మమ్మల్ని తిరిగి చెప్పమన్నాడు, చెప్పాకే ముందుకెళ్ళాడు. ఏ వాల్వ్ మూయాలో, ఏది వదిలేయాలో వాడు చెప్తుంటే నేను బుద్ధిగా చేశాను. ఇంట్లో సాక్సులు ఎక్కడున్నాయో వెతుక్కోవడం రాని పిల్లాడు! భోజనాల దగ్గర పెద్దాయన మావాడి భుజం తట్టి, తన షాపులో కుర్రాళ్ళంతా కస్టమర్ మాట వినకుండానే బానెట్ ఎత్తుతారని వాపోయాడు. సూట్ ఎందుకివ్వలేదన్న ప్రశ్న మావాడు తర్వాత మళ్ళీ ఎత్తలేదు.

మీ రెండో ప్రశ్నకి నా జవాబు కూడా ఇందులోంచే. మనుషులు వెళ్తారు, ఆపేవాళ్ళు లేరు. రోబోలు గొప్పవే, 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినప్పుడు మా ఇంట్లోనూ అందరం చప్పట్లు కొట్టాం. కానీ ఆ ప్రజ్ఞాన్ రోవర్ ఒక చాంద్ర పగలంతా, అంటే మన లెక్కలో దాదాపు రెండు వారాలు, తిరిగింది వంద మీటర్లు. 1972లో అపోలో-17 మనుషులు మూడు రోజుల్లో బండేసుకుని ముప్పై అయిదు కిలోమీటర్లు తిరిగి, నూట పది కిలోల రాళ్ళూ మట్టీ మోసుకొచ్చారు. బడ్జెట్లు వేరు, కాలాలు వేరు అని ఎవరైనా వాదిస్తే వాదించుకోనివ్వండి, నాకు ఆ లెక్క చాలు.

అయితే వెళ్ళాక అక్కడ జరిగేదంతా రిపేర్లే. నాసా వ్యోమగామి క్రిస్టినా కోక్ ఈ క్యాంప్‌లో పిల్లగా చేరినావిడే. 2019 అక్టోబర్‌లో జెస్సికా మీర్‌తో కలిసి మొదటిసారి ఇద్దరూ ఆడవాళ్ళే స్పేస్‌వాక్ చేశారు కదా, ఎందుకో తెలుసా? బ్యాటరీల చార్జింగ్ చూసే ఒక యూనిట్ పాడైతే మార్చడానికి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మూత్రం, చెమట అన్నీ శుద్ధి చేసి 98 శాతం నీళ్ళు తిరిగి రాబట్టగలిగారు. అంగారకుడి దాకా వెళ్ళాలంటే జెండాల కన్నా ముందు ఆ గొట్టాలూ ఫిల్టర్లూ ఏళ్ళ తరబడి మొరాయించకుండా పనిచేయాలి. మన ఇళ్ళల్లో పిల్లలకి ఐఐటీ ర్యాంకు నేర్పుతాం, కారుతున్న కుళాయికి వాషర్ మార్చడం నేర్పం. ఇది నా పాత గోల, ఎక్కడ సందు దొరికినా దూరుస్తాను.

వ్యోమగామి అవుతుందా అంటే, ఇప్పటివరకూ ఆ క్యాంప్‌కి వెళ్ళింది పది లక్షల మంది. వాళ్ళలో అంతరిక్షానికి వెళ్ళినవాళ్ళని ఒక మినీ బస్సులో కూర్చోబెట్టొచ్చు. నాసా తీసుకునేది అమెరికా పౌరుల్నే. 2025లో ప్రకటించిన బ్యాచ్‌లో ఎనిమిది వేల పైచిలుకు దరఖాస్తులకి పదిమందిని తీసుకున్నారు. మనుషుల్ని అంతరిక్షానికి పంపే మన గగన్‌యాన్‌కి ఎంపికైన నలుగురూ వాయుసేన టెస్ట్ పైలట్లు, శుభాంశు శుక్లాతో సహా. కానీ 2035కి సొంత స్పేస్ స్టేషన్, 2040కి చంద్రుడి మీద భారతీయుడు అని మన ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. అప్పటికి మీ అమ్మాయికి ముప్పై దాటవు. అక్కడికి వెళ్ళే ఒక్కళ్ళకి కింద కన్సోల్ ముందు కూర్చునేవాళ్ళు వందల్లో కావాలి.

ఇంతా చెప్పి వెళ్ళొద్దనడం లేదు. అప్పు చేయకుండా పంపగలిగితే పంపండి. కానీ స్కూల్ వాళ్ళని రోజువారీ షెడ్యూల్ రాతపూర్వకంగా అడగండి. హాబిటాట్‌లో ఎన్ని రాత్రులు, సిమ్యులేషన్లు ఎన్ని, అందులో మీ అమ్మాయికి ఏ పాత్ర అని. మా బంధువుల అబ్బాయిని ఇలాగే ఒక ఏజెన్సీ తీసుకొస్తే అందులో సగం రోజులు ఓర్లాండో థీమ్ పార్కులు, షాపింగ్, బస్సు ప్రయాణాలు. దాన్ని స్పేస్ క్యాంప్ అనరు, టూర్ అంటారు. ఆ మాట పైకి చెప్పి తీసుకెళ్తే నాకేం అభ్యంతరం లేదు.

ఈలోపు ఒక పని చేయండి. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూడ్డానికి గ్యాలరీ ఉంది, ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే ఉచితం. సూళ్ళూరుపేటలో రైలు దిగితే దగ్గరే. ఇస్రో వాళ్ళ యువిక ప్రోగ్రామ్ కూడా చూడండి. రెండు వారాలు అక్కడే ఉంచుకుని, దారి ఖర్చులతో సహా వాళ్ళే భరించి, శాస్త్రవేత్తలతో మాట్లాడిస్తారు. పల్లెటూరి బడి పిల్లలకి ఎంపికలో అదనపు వెయిటేజీ కూడా ఉంది. అది తొమ్మిదో తరగతి వాళ్ళకే, ఎనిమిదో తరగతి మార్కులూ చూస్తారు. కాబట్టి ఈ ఏడాది మార్కుల మీద కన్నేసి ఉంచండి, ఇస్రో వెబ్‌సైట్‌లో నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండండి. పదికి వచ్చేస్తే ఇక తీసుకోరు.