మ్యూజియంలో గిరిజన కళాకారులు నేర్పే వర్క్‌షాప్‌కి ఎనిమిదేళ్ల బాబుని పంపొచ్చా? ఏమైనా నేర్చుకుంటాడా?

పంపండి. కాకపోతే ముందు ఫోన్ చేసి, అందులో కళాకారులు ఎంతసేపు ఉంటారో, ఉపన్యాసాలు ఎంతసేపో కనుక్కోండి.

మా అమ్మాయిని హైదరాబాద్‌లో ఒక మ్యూజియంకి డోక్రా నేర్పుతారంటే తీసుకెళ్లాను. అదే, ఆదిలాబాద్ వైపు ఓజా తెగవాళ్లు పోతపోసే ఇత్తడి బొమ్మలు, గంటలు, గోండుల దేవతామూర్తులు, తెలిసే ఉంటుంది. అటువైపు నుంచే ఒక పెద్దమ్మ, వాళ్లాయన వచ్చారు. వాళ్లని ఓ మూల కూర్చోబెట్టి స్టేజీ మీద పెద్దమనుషులు అందుకున్నారు. మొహెంజొదారో నాట్యగత్తె బొమ్మదీ మైనం కరిగించి పోతపోసే ఇదే పద్ధతి అని ఒకాయన, ఆదిలాబాద్ డోక్రాకి 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిందని ఇంకొకాయన, తర్వాత శాలువాలు, ఫొటోలు. నిజమే, కానీ ఇదంతా గూగుల్‌లో దొరుకుతుంది కదండీ!

తీరా పెద్దమ్మ పని మొదలుపెడితే హాల్లో ఏసీకి మైనం బిగుసుకుపోయి తీగ సాగట్లేదు, పుటుక్కున తెగిపోతోంది. ఆవిడ ఎవర్నీ అడగలేదు, సామాను సర్దుకుని బయట ఎండలోకి నడిచింది, పిల్లలంతా వెనకాలే. అసలు క్లాసు అక్కడ మొదలైంది. మట్టి ముద్ద మీద మైనం తీగల్ని పక్కపక్కనే చుట్టడం, దాని మీద మళ్లీ మట్టి పూత, కాల్చితే మైనం కరిగి కారిపోవడం, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోయడం. కొలిమి పెట్టనివ్వలేదు కాబట్టి ఆ చివరిదంతా చేతులు తిప్పుతూ చెప్పింది. మా అమ్మాయి చుట్టిన తీగ వంకర పోయింది. సరిచేస్తుందనుకుంటే "ఉండనీ బిడ్డా, మైనం ఎట్లుంటే ఇత్తడి గట్లనే వస్తది" అంది.

ఇంతలో ఒకావిడ, రిటర్న్ గిఫ్టులకి యాభై నెమళ్లు కావాలి, అన్నీ ఒకేలా ఉండాలి అని అడిగింది. పెద్దాయన నవ్వి "అచ్చు పలగ్గొడితేనే గదమ్మా బొమ్మ బయటికొచ్చేది, ఒక్కతీరువి యాభై యాడికెళ్లి తేవాలె" అన్నాడు. బొమ్మ బొమ్మకీ కొత్త అచ్చు అన్న సంగతి స్టేజీ మీద ఒక్కరి నోటా రాలేదు మరి. ఆ వెంటనే ఇంకొకరు బేరానికి దిగారు. మాల్‌లో స్టిక్కర్ మీద ఎంత ఉంటే అంత కట్టి వచ్చేవాళ్లకి ఇక్కడే గుర్తొస్తుంది బేరం.

"వాళ్లకి మాట్లాడటం రాదండీ, అందుకే మేం చెప్తాం" అంటారు నిర్వాహకులు. అబద్ధం. గోండి, మరాఠీ, తెలుగు మూడింట్లోనూ సంతల్లో సరుకు అమ్ముకునే మనుషులకి మాట్లాడటం రాదా? మైకు వాళ్లకే ఇవ్వాలి, డబ్బు కూడా శాలువాతో సరిపెట్టకుండా, స్టేజీ మీది ప్రొఫెసర్‌కి ఎంతిస్తారో అంతే ఇవ్వాలి. భోపాల్‌లో ఇందిరా గాంధీ రాష్ట్రీయ మానవ సంగ్రహాలయ అనే మ్యూజియంలో కళాకారులే కొన్ని రోజులపాటు కూర్చుని నేర్పే శిక్షణలు ఎప్పట్నుంచో నడుస్తున్నాయి. అక్కడ ఆరుబయట ఉన్న గిరిజన ఇళ్లని కూడా ఆయా తెగల వాళ్ల చేతే కట్టించారు. అటు వెళ్లే పనుంటే ఒక పూట చాలదు.

మీ బాబు వయసుకి మైనం పని హాయిగా చేసేస్తాడు. పాత చొక్కా వేసి పంపండి, అంటుకుంటే వదలదు. సర్టిఫికెట్ ఇస్తారా అని మాత్రం అడక్కండి, మా బ్యాచ్‌లో సగం మంది తల్లిదండ్రుల గొడవ అదే.