చీనో వ్యాలీలో హార్స్ ప్రాపర్టీ: గుర్రం కన్నా ముందు బోరు చూడండి

అరిజోనాలో ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉంటున్న ఒక జంట అడిగారు. ఇద్దరూ హెచ్-1బీ మీద ఉన్నారు, పాప గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది, ప్రెస్కాట్ పైన చీనో వ్యాలీలో రెండెకరాల్లో ఇల్లు, గుర్రాల కొట్టం ఉన్న ప్రాపర్టీ ఒకటి నచ్చింది, వారాంతాల్లో వెళ్తూ మెల్లగా అక్కడికే మారిపోదామని ఆలోచన. కొనొచ్చా?

కొనొచ్చు. వీసా మీద ఉన్నా అరిజోనాలో మనవాళ్లు ఇల్లు, స్థలం కొనడానికి అడ్డేమీ లేదు. లోన్ విషయంలో మాత్రం 2025 మే 25 నుంచి వీసా మీద ఉన్నవాళ్లకు ఎఫ్‌హెచ్‌ఏ, అంటే ప్రభుత్వ హామీ ఉండే లోన్ దారి మూసుకుపోయింది కాబట్టి ఆ హామీ లేని మామూలు కన్వెన్షనల్ లోన్ చూసుకోవాలి. అసలు ఎవరూ ఆలోచించని సంగతి ఇంకోటుంది. మీరు అక్కడికి మారి ఇంటి నుంచే పని చేస్తామంటే, ఫీనిక్స్ మెట్రో ఏరియా దాటి యావపాయ్ కౌంటీలోకి వెళ్లినట్టు, అంటే మీ పనిచేసే చోటు మారినట్టే లెక్క. కంపెనీ కొత్త ఎల్‌సీఏ (పనిచేసే చోటు, జీతం చూపించి కార్మిక శాఖ దగ్గర తీసుకునే ఆమోదం) తీసుకుని హెచ్-1బీ అమెండ్‌మెంట్ వేయాలి. సంతకం పెట్టకముందే హెచ్‌ఆర్‌తోనో లాయర్‌తోనో మాట్లాడండి. ఖాళీగా ఉన్న స్టాల్స్‌లో వేరేవాళ్ల గుర్రాలు పెట్టుకుని నెలనెలా డబ్బు తీసుకుందామనే ఐడియా ఉంటే ఇప్పుడే మానుకోండి. మేత వేసి, పేడ ఎత్తి డబ్బు తీసుకోవడం అద్దె ఆదాయం కాదు, పని. హెచ్-1బీ మీద ఆ పని కుదరదు.

ఇక నీళ్లు. అనంతపురంలో పొలం కొనేవాడు ముందు బోరు గురించి అడుగుతాడు కదా, ఇక్కడా అంతే, కానీ అదేంటో అమెరికా వచ్చేసరికి మనవాళ్లు కిచెన్ కౌంటర్‌టాప్ చూసి మురిసిపోయి బోరు సంగతి మర్చిపోతారు. చీనో వ్యాలీ ప్రెస్కాట్ యాక్టివ్ మేనేజ్‌మెంట్ ఏరియాలో, అంటే భూగర్భ జలాల వాడకంపై రాష్ట్రం అదుపు ఉన్న ప్రాంతంలో ఉంది, 1980 భూగర్భ జల చట్టం కింద ఏర్పడింది అది. భూమిలోకి ఇంకే దానికంటే తోడేది ఎక్కువైపోయిందని 1999లోనే రాష్ట్ర జలవనరుల శాఖ తేల్చేసింది. 2025 నాటికి సమం చేయాలన్న లక్ష్యం నెరవేరలేదు. ఇంటి బోర్లకు నిమిషానికి 35 గాలన్ల దాకా తోడే పంపు ఉంటే పెద్ద అనుమతుల గొడవ లేదు, కానీ అనుమతి ఉందని అడుగున నీళ్లున్నట్టు కాదు.

ప్రతి బోరుకూ 55తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. ఆ నంబర్ అడిగి జలవనరుల శాఖ వెబ్‌సైట్‌లో ఎంత లోతు తవ్వారు, అప్పట్లో నీళ్లు ఎన్ని అడుగుల్లో తగిలాయి, పేరు ఎవరి మీద ఉంది అన్నీ చూడండి. తర్వాత బోరు మనిషిని పిలిచి కొన్ని గంటలు ఆగకుండా తోడించి, నిమిషానికి ఎన్ని గాలన్లు నిలకడగా వస్తున్నాయో రాయించుకోండి. ఆర్సెనిక్, నైట్రేట్, బ్యాక్టీరియా పరీక్షలు తప్పనిసరి. సొంత బోరు నీళ్లను ప్రభుత్వం ఎవరూ వచ్చి పరీక్షించరు, అది మీ పనే. నాలుగైదు ఇళ్లకు కలిపి ఒకే బోరు ఉంటే, పంపు కాలిపోతే ఎవరెంత పెట్టుకోవాలి, కరెంటు బిల్లు ఎవరిది అన్నది రాతపూర్వకంగా, కౌంటీలో రికార్డు అయి ఉండాలి. పక్కింటాయన మంచివాడండీ అంటే సరిపోదు, ఆయన రేపు అమ్ముకుని వెళ్లిపోతాడు.

ట్యాంకర్ నీళ్ల మీద బతికే ఇంటి జోలికి మాత్రం వెళ్లకండి. స్థలాన్ని ఆరు కన్నా తక్కువ ముక్కలు చేసే లాట్ స్ప్లిట్‌లకు, అంటే అయిదు ముక్కల దాకా, వందేళ్లకు సరిపడా నీళ్లున్నట్టు చూపించే రూల్ వర్తించదు. అలా కట్టిన, స్కాట్స్‌డేల్ నగరం పక్కనున్న రియో వెర్డే ఫుట్‌హిల్స్‌లో ట్యాంకర్లకు స్కాట్స్‌డేల్ నీళ్లిచ్చేది, 2023 జనవరి 1న ఆపేసింది. వందల ఇళ్లవాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో వార్తల్లో చూసే ఉంటారు.

సెప్టిక్ ట్యాంక్‌కు అమ్మకానికి ముందు ఆరు నెలల లోపు ఇన్‌స్పెక్షన్ అమ్మేవాళ్లే చేయించాలి, కొన్నాక 15 రోజుల్లో పేరు మార్పు కాగితం మీరు పెట్టాలి. దారి విషయంలో, కారు వెళ్తోందని కాదు, టైటిల్‌లో హక్కుగా ఉందా అని చూడండి. ఎండిపోయి కనిపించే వాగు స్థలంలోంచి పోతుంటే, జులై, ఆగస్టు వానల్లో అది గంటలో నిండి పారుతుంది, కొట్టం ఎటువైపు ఉందో గమనించండి.

రెండెకరాల్లో గుర్రం మేసి బతుకుతుందనుకోకండి. ఆ వానకు ఉన్న గడ్డి కొద్ది వారాల్లో అయిపోయి మట్టి మిగులుతుంది. ఒక్క గుర్రానికి రోజుకు దాదాపు 9 కిలోల ఎండుగడ్డి, అంటే ఏడాదికి మూడు టన్నుల పైమాటే, మొత్తం కొనాల్సిందే, వానకు తడవకుండా దాచే చోటూ కావాలి. నేల మీద వేస్తే గడ్డితో పాటు ఇసుక మింగి కడుపునొప్పి వస్తుంది, ప్రాణం మీదికి కూడా రావచ్చు, అందుకే తొట్టిలోనో రబ్బరు మ్యాట్ మీదో వేస్తారు. నీళ్లు రోజుకు 20 నుంచి 40 లీటర్లు, ఎండల్లో ఇంకా ఎక్కువ. ఊరు దాదాపు 4,700 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి చలికాలం రాత్రిళ్లు తొట్టి గడ్డకడుతుంది, హీటర్‌కు కరెంటు లైను ఉందా? ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు కత్తిరించేవాడు రావాలి. ముళ్లకంచె ఉంటే తీయించి పైపు ఫెన్స్ వేయించండి, బెదిరిన గుర్రం ముళ్లతీగలో పడితే చూడలేం. అన్నట్టు మన పల్లేరు కాయలు ఇక్కడా ఉన్నాయి, అచ్చం అవే, చెప్పులు లేకుండా పెరట్లోకి అడుగుపెట్టకండి.

ఇంకోటి, గుర్రం ఒంటరిగా ఉండలేదు, ఒకటి కొంటే రెండోది కొన్నట్టే. పాతికేళ్లు బతుకుతుంది, మీ పాప కాలేజీకి వెళ్లిపోయాక కూడా మేత వేసేది మీరే. నా మాట వింటే ముందు ఏడాది చాండ్లర్ దగ్గర్లోనే ఒక గుర్రాన్ని హాఫ్ లీజుకు తీసుకోండి, వారానికి కొన్ని రోజులు మీది, మిగతా రోజులు యజమానిది. ఉదయం అయిదింటికి పేడ ఎత్తే ఉత్సాహం అప్పటికీ పాపలో ఉంటే ప్రాపర్టీ సంగతి చూద్దురు గాని.

అప్పటిదాకా ఆగలేం, ఇదే కావాలంటే, ఇక్కడి మామూలు కాంట్రాక్టులో ఇన్‌స్పెక్షన్‌కు ఇచ్చేది పది రోజులే. బోరు పరీక్ష, సెప్టిక్ రిపోర్టు, నీళ్ల ల్యాబ్ ఫలితం, సర్వే, ఇవన్నీ ఆ లోపు తెమలవు. ఆఫర్‌లోనే ఇరవై రోజులు రాయించమని మీ ఏజెంట్‌కు గట్టిగా చెప్పండి, అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఎందుకు తొందరో అడగండి.