క్రేన్‌ఫ్లైకి ట్రౌట్ పడుతుందా? రట్లాండ్ వాటర్ అనుభవం

నీళ్ళలో పుట్టని క్రేన్‌ఫ్లై అనే పురుగు కోసం ట్రౌట్ చేప ఎదురుచూస్తుందా, ఆ పురుగులా కనిపించేలా ఈకలు కట్టిన గాలం, అంటే నమూనా ఫ్లై, కొనడం దండగేమో అని మీ సందేహం. దండగ కాదు. కాకపోతే గాలి కలిసిరావాలి.

నేను ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటాను. ఏటా సెప్టెంబరులో రట్లాండ్ వాటర్ అనే పెద్ద చెరువు గట్టుకు వెళ్తాను. ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఈ పురుగు ఇంట్లో దూరితే ఏనుగంత దోమ అనుకుని చెప్పు తీసేవాణ్ణి. పాపం, అది కుట్టదు. దాని పిల్లపురుగులు పచ్చిక కింద తడిమట్టిలో వేళ్ళు తింటూ పెరుగుతాయి. వేసవి చివర రెక్కలొచ్చి పైకి వస్తాయి. ఎగరడం మాత్రం సరిగా రాదు. కాస్త గట్టిగా గాలి వీస్తే పచ్చికబయలు నుంచి కొట్టుకొచ్చి చెరువులో పడతాయి. పొడుగు కాళ్ళు నీటికి అంటుకుపోయి మళ్ళీ లేవలేవు. చిన్నచిన్న పురుగులు ఏరుకుతినే చేపకు అది పెద్ద ముద్దే.

అందుకే గాలి పచ్చిక మీదుగా మీ వీపుకు తగిలే గట్టున నిలబడండి. గట్టు పక్కన నీరు నున్నగా ఉంటుంది, కొంచెం ముందుకు వెళ్తే అలలు మొదలవుతాయి. ఆ రెండూ కలిసే చోట ఫ్లై వేయండి. పదో నంబరు గాలం, ముడులు వేసిన నెమలికోడి (ఫెజంట్) తోక ఈకలతో కాళ్ళు, అంతే. లాగకండి, గాలికి వదిలేయండి.

నేను ఎక్కువగా చేపలు పోగొట్టుకున్నది తొందరపాటు వల్లే. ట్రౌట్ ఒక్కోసారి ముందు పురుగును నీటిలోకి కొట్టి ముంచుతుంది, తర్వాత తిరిగొచ్చి మింగుతుంది. నీళ్ళు చిమ్మగానే రాడ్ ఎత్తితే ఫ్లై ఖాళీగా వస్తుంది. మొదటి ఏడాది ఒకే సాయంత్రం నాలుగు చేపలు అలాగే పోయాయి. ఇప్పుడు "నమశ్శివాయ" అని మనసులో అనుకుని, దారం కదిలాక ఎత్తుతాను. చేపను పట్టడానికి శివుణ్ణి పిలుస్తారా అని మా ఆవిడ ఎగతాళి.

అలా ఓపిక పట్టి తెచ్చిన మొదటి చేపను ఇంట్లో కోస్తే, కడుపులో ఉడికి ముద్దైన సేమ్యాలా అన్నీ కాళ్ళే.

ఇంకొకటి, రెండు మూడు చేపలు పడేసరికి ఫ్లైకి కాళ్ళు ఊడిపోతాయి. మార్చకండి. అసలు పురుగుకే ఆరు కాళ్ళూ నిలవవు.