ఇంటి వంటకి ఎన్ని కత్తులు కావాలి?

రెండు చాలు: 18–20 సెంటీమీటర్ల బ్లేడ్ ఉన్న పెద్దది ఒకటి, పచ్చిమిర్చికీ వెల్లుల్లికీ 8–10 సెంటీమీటర్ల చిన్నది ఒకటి. ఆరు కత్తుల సెట్టు దండగ, ఎందుకంటే పని జరిగేది పదునుతో, సంఖ్యతో కాదు.

కర్నూలు ఉల్లిగడ్డనే చూడండి. మొద్దు కత్తి దాన్ని కోయదు, నలిపేస్తుంది, నలిగిన కొద్దీ కళ్లు మండించే ఘాటు ఎక్కువగా బయటికొస్తుంది, పదునైన కత్తయితే పొర పొరగా తేలిగ్గా దిగిపోతుంది.

పదునైన కత్తి అంటే చెయ్యి తెగుతుందని చాలామంది టెన్షన్. నిజానికి మొద్దు కత్తే ప్రమాదం, బలంగా నొక్కాల్సి వస్తుంది, టమాటా తొక్క మీద జారి వేలి మీదికొస్తుంది. ఇంకోటి, కడప బండ గట్టు మీద నేరుగా తరగొద్దు, ఎంత మంచి కత్తయినా పదును త్వరగా పోతుంది, కింద చెక్క పలక పెట్టుకోండి.