పాత లేత్ కొన్న అల్లుడికి, బెల్టు మార్చడం గురించి

అల్లుడూ,

నువ్వు కొన్న లేత్, అదే చెక్కని తిప్పుతూ చెక్కే మిషన్, దాని వీడియో చూశాను, మీ అత్త కూడా చూసి ఇంత చప్పుడేంటండీ అంది. నిజమే, ఆ టక్ టక్ బాలేదు, కానీ కంగారు పడకు, బేరింగ్ పోతే గరగరమంటుంది గానీ ఇలా దరువేసినట్టు కొట్టదు. మిషన్ నెలల తరబడి మూలపడి ఉంటే బెల్టు పుల్లీ మీద ఎలా వంగి ఉందో అలాగే బిగుసుకుపోతుంది, తిరిగినప్పుడల్లా ఆ వంపు పుల్లీ మీదకి వచ్చి కొడుతుంది. కాసేపు తిప్పితే కొంత సర్దుకుంటుంది, లేకపోతే కొత్త బెల్టు వేసేయ్, పెద్ద ఖర్చేం కాదు.

అసలు నేను చెప్పదలచుకుంది వేరే. ఇలాంటి పాత లేత్ కొన్నవాళ్లు చాలామంది, పుల్లీకి చిన్నా పెద్దా సైజుల్లో ఉండే మెట్లలో అమ్మినాయన ఏ మెట్టు మీద బెల్టు వదిలేశాడో దాని మీదే అన్ని పనులూ చేసేస్తారు, చపాతీ కర్రకీ అదే స్పీడ్, పెద్ద గిన్నెకీ అదే స్పీడ్. తెలీక కాదు, నాలుగు బోల్టులు విప్పి మోటారు జరిపి మళ్లీ బిగించాలంటే బద్ధకం. నీ ఫోటోలో కూడా మోటారు కింద బల్లకి నాలుగు బోల్టులతో బిగించి ఉంది, అందుకే నువ్వూ మార్చవని నాకు తెలుసు. దానికో ఉపాయం ఉంది, కింద చెప్తాను.

ముందు మోటారు నేమ్ ప్లేటు గుడ్డతో తుడిచి చదువు. 1440 ఆర్‌పిఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు, అని ఉంటే మంచిది, 2800 చిల్లర ఉంటే మాత్రం జాగ్రత్త. సెకండ్ హ్యాండ్ మిషన్లలో పాత మోటారు కాలిపోతే ఏది దొరికితే అది తగిలించేస్తారు, అప్పుడు నువ్వు తక్కువ స్పీడ్ అనుకునే మెట్టు కూడా రెట్టింపు తిరుగుతుంది. ప్లేటు లేకపోతే స్పీడ్ కొలిచే, చేతిలో పట్టే లేజర్ టాకోమీటర్ ఒకటి తెప్పించుకో, స్పిండిల్ (చెక్కని తిప్పే ఇరుసు) మీద మెరిసే స్టిక్కర్ ముక్క అంటించి చూస్తే నంబర్ చెప్పేస్తుంది.

లెక్క చిన్నదే. మోటారు స్పీడ్‌ని మోటారు వైపు పుల్లీ సైజుతో హెచ్చవేసి స్పిండిల్ వైపు పుల్లీ సైజుతో భాగించు. నీకున్నవి 3, 4, 5, 6 అంగుళాల మెట్లు అనుకుందాం, ఒకటి తిన్నగా ఒకటి తలకిందులుగా ఉంటాయి కాబట్టి ఎక్కడ వేసినా రెండూ కలిపితే 9, అందుకే ఒకే బెల్టు అన్నిటికీ సరిపోతుంది. మోటారు మీద 3, స్పిండిల్ మీద 6 అయితే 720. తర్వాత మెట్టు 1150, ఆ తర్వాత 1800, చివరిది 2880. ఈ నాలుగు నంబర్లూ సుద్దతో కాదు, పెయింట్‌తో కవర్ మీద రాసిపెట్టుకో.

ఏ పనికి ఏ స్పీడ్ అంటే, చెక్క అడ్డం కొలత అంగుళాల్లో, దాన్ని ఆర్‌పిఎంతో హెచ్చవేస్తే 6000 నుంచి 9000 మధ్యలో ఉండాలి. 3 అంగుళాల మంచం కోడుకి 2000 పైన పెట్టొచ్చు, 8 అంగుళాల గిన్నెకి 750 నుంచి 1100. ఇది కూడా గుండ్రంగా అయిపోయిన చెక్కకి చెప్పే మాట, గొడ్డలితో చెక్కిన దిమ్మ అప్పుడే ఎక్కించావంటే సైజుతో పని లేదు, అన్నిటికన్నా కింది మెట్టే, అంటే తక్కువ స్పీడ్‌దే. ఒక వైపు బరువున్న దిమ్మకి స్పీడ్ రెట్టింపు చేస్తే అది గుంజే బలం నాలుగింతలవుతుంది. 12 అంగుళాల చెక్క 1800 మీద తిరిగితే దాని అంచు గంటకి 100 కిలోమీటర్ల పైనే పోతుంది, అది చక్ (చెక్కని పట్టి ఉంచే బిగింపు) లోంచి ఊడితే ఎటు వస్తుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

మరి లక్కబొమ్మలు చేసే ఏటికొప్పాకలో అంత స్పీడ్‌గా తిప్పుతారు కదా అంటావు. అక్కడ పట్టేది అంకుడు కర్ర, చిన్న చిన్న ముక్కలు, అది గిర్రున తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది, తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. ఆ పనికి స్పీడ్ లేకపోతే లక్క కరగనే కరగదు. నువ్వు బొంగరాలూ కుంకుమ భరిణెలూ చేసే రోజున ఆ స్పీడ్ నీకూ కావాలి, నల్లతుమ్మ దిమ్మ ఎక్కించిన రోజున కాదు. పైగా కింది మెట్టు మీద స్పీడ్ తగ్గిన కొద్దీ లాగే బలం పెరుగుతుంది, పై మెట్టు మీద పెద్ద చెక్క పెట్టి ఉలి ఆనిస్తే బెల్టు జారి రబ్బరు కమురు వాసన వస్తుంది. అప్పుడు కొందరు బెల్టు జారకుండా రోజిన్ పొడి చల్లుతారు, నువ్వా పని చెయ్యకు, మెట్టు మార్చు.

మార్చేటప్పుడు స్విచ్ ఆపడం కాదు, ప్లగ్ పీకి నీ కంటికి కనపడేలా బల్ల మీద పెట్టు, ఇంట్లో పిల్లలున్నారు. మోటారు వదులు చేసి ముందు బెల్టుని ఏదో ఒక వైపు పెద్ద మెట్టు నుంచి చిన్న మెట్టుకి దింపు, అప్పుడు దానికి వదులొస్తుంది, తర్వాత రెండో వైపు పెద్ద మెట్టు మీదకి ఎక్కించు. తిరగేసి చేస్తే ఎంత లాగినా రాదు, అప్పుడే జనం స్క్రూ డ్రైవర్ పెట్టి ఎగదోస్తారు, బెల్టు అంచు చీరుకుపోతుంది. ఎక్కించాక పుల్లీ పట్టుకుని తిప్పకు, బెల్టు పుల్లీలోకి దూరే సందులో వేలు పడితే గోరు మిగలదు, స్పిండిల్ పట్టుకుని రెండు చుట్లు తిప్పు. రెండు పుల్లీల పక్కన ఒక దారం లాగి పట్టి చూడు, అంచులన్నీ దారానికి తాకాలి, తాకకపోతే పుల్లీని ఇరుసుకి బిగించే చిన్న గ్రబ్ స్క్రూ వదులు చేసి జరుపు. బిగువు ఎంత అంటే రెండు పుల్లీల మధ్య 16 అంగుళాలుంటే మధ్యలో బొటనవేలితో ఓ మాదిరిగా నొక్కితే పావు అంగుళం దిగాలి. మరీ బిగిస్తే బేరింగులు తినేస్తుంది.

ఇక ఉపాయం. వెల్డింగ్ షాపులో మోటారు పట్టేంత ఇనప ప్లేటు ఒకటి తీసుకుని ఒక అంచుకి గట్టి హింజ్‌లు పెట్టించి స్టాండ్‌కి బిగించు, మోటారు ఆ ప్లేటు మీద కూర్చుని తన బరువుతోనే బెల్టుని లాగి పట్టుకుంటుంది. ప్లేటుకి ఒక హ్యాండిల్, పైకెత్తినప్పుడు ఆగడానికి ఒక కొక్కెం. ఇంక పానాతో పనే లేదు, ఎత్తి, మార్చి, దించెయ్యడమే. ఈ ఒక్క పని చేస్తే నువ్వు రోజుకి పదిసార్లయినా మెట్టు మారుస్తావు.

బెల్టు కొనేటప్పుడు ‘ఏ’ సెక్షనో ‘బీ’ సెక్షనో, అంటే ఏ సైజు రకమో చూసి తీసుకో, ‘ఏ’ అయితే పైన వెడల్పు 13 మిల్లీమీటర్లు, బీ అయితే 17. వీ బెల్టు పుల్లీ గోడల మీద నడవాలి గానీ అడుగు తాకకూడదు, గాడి అడుగు నున్నగా మెరుస్తుంటే పుల్లీ అయినా అరిగింది, బెల్టయినా తప్పుది. నీ మిషన్‌లో స్పిండిల్ ఊడదీస్తే గానీ కొత్త బెల్టు దూరేలా లేదు కాబట్టి, బేరింగుల కోసం ఎప్పుడు విప్పినా ఇంకో బెల్టు కూడా అప్పుడే తొడిగి హెడ్ స్టాక్ (స్పిండిల్ ఉండే భాగం) లోపల తిరిగే వాటికి తగలకుండా గట్టిగా కట్టేసి ఉంచు.

స్పీడ్ తగ్గించడానికి ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టిస్తానన్నావట, మీ అమ్మ చెప్పింది. వద్దు నాయనా, కెపాసిటర్‌తో స్టార్టయ్యే మోటారు దానికి లొంగదు, వేడెక్కి వైండింగ్ కాలుతుంది. త్రీ ఫేజ్ మోటారూ, దాని స్పీడ్ మార్చే వీఎఫ్‌డీ డ్రైవూ పెట్టుకుంటే అది వేరే సంగతి, అయినా మరీ తగ్గించి తిప్పితే మోటారు వెనకున్న ఫ్యాన్ కూడా నెమ్మదించి మోటారు వేడెక్కుతుంది, కాబట్టి మెట్లు అప్పుడూ ఉండాల్సిందే. 720 కన్నా తగ్గాలని మోటారుకి 2 అంగుళాల పుల్లీ వెయ్యకు, ‘ఏ’ సెక్షన్ బెల్టు అంత చిన్న వంపు తిరగలేక వేడెక్కి పగుళ్లిస్తుంది. మధ్యలో ఇంకో షాఫ్ట్ వేస్తే 360 దాకా దిగొచ్చు, అది పెద్ద గిన్నెలు మొదలెట్టినప్పుడు చూద్దాం.

పని అయిపోగానే బెల్టు కింది మెట్టుకి దించి వెళ్లు. లుంగీతో మిషన్ దగ్గరికి రాకు, చేతికున్న ఆ ఎర్రదారాలు కూడా తీసెయ్, గ్లవుజులు అసలే వద్దు, మొహానికి షీల్డ్ పెట్టుకో, స్విచ్ వేసేటప్పుడు చెక్కకి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడు.

నేమ్ ప్లేటు, రెండు పుల్లీలు, మోటారు కింద బల్ల, ఈ మూడూ దగ్గరగా ఫోటోలు తీసి స్కేలు పక్కన పెట్టి వాట్సాప్ చెయ్యి, హింజ్ ప్లేటు కొలతలు నేను గీసి పంపిస్తాను.

మీ మావయ్య